ఏబీసీడీలన్నీ వచ్చు, మూడక్షరాల మాట చదవలేడు: ఇంట్లో ఫోనిక్స్ ఎలా నేర్పాలి?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. బాబుకి ఐదేళ్లు దాటాయి, యూకేజీ. పెద్ద ఏబీసీడీలు, చిన్న ఏబీసీడీలు గడగడా చెప్తాడు, రాస్తాడు. యాపిల్, బాల్, క్యాట్ అని బొమ్మలన్నీ గుర్తుపడతాడు. బొమ్మ మూసేసి ‘క్యాట్’ చదవమంటే మాత్రం ‘సి, ఏ, టి’ అని ఆగిపోయి మీ మొహం చూస్తాడు. స్కూల్లో ఫోనిక్స్ చెప్తున్నామంటున్నారు కానీ మీకేమీ అర్థం కావడం లేదు. మీరు తెలుగు మీడియం కాబట్టి మీ ఉచ్చారణే వాడికి అంటుకుంటుందని టెన్షన్. బి, డి తిరగేసి రాస్తున్నాడని ఇంకో దిగులు. ఫీజు కట్టి ఫోనిక్స్ క్లాసులో చేర్పించమంటారా అని చివర్లో అడిగారు.

నేను మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలల్లో 31 ఏళ్లు, ఎక్కువగా ఒకటి రెండు తరగతులకే చెప్పి రిటైరయ్యాను. నేనూ తెలుగు మీడియమే. మొదటి పదేళ్లు ఇంగ్లిష్ తప్పుగానే చెప్పాను. ‘సి ఏ టి క్యాట్, క్యాట్ అంటే పిల్లి’ అని నేనంటే, నలభై మంది నా వెనక అనేవాళ్లు. బడి బయట రోడ్డు మీదికి వినపడేది. టీచరమ్మ బాగా చెప్తోందని ఊళ్లో పేరు కూడా వచ్చింది. ఒకరోజు ఒక పిల్లాణ్ణి లేపి పాఠం చదవమంటే ఒక్క తప్పు లేకుండా చదివేశాడు. దగ్గరికి వెళ్లి చూస్తే వాడు తెరిచింది వేరే పాఠం. వాడిది చదువు కాదు, వినికిడి. అప్పటి నుంచే నేను ఈ సంగతి పట్టించుకోవడం మొదలుపెట్టాను.

మీ బాబు దగ్గర తప్పేమీ లేదు. ‘సి, ఏ, టి’ అనే మూడింటినీ మీరే గబగబా కలిపి చూడండి. ‘సియేటీ’ అవుతుంది కానీ ఏ జన్మకీ ‘క్యాట్’ కాదు. తెలుగులో మనకి ఈ బాధ లేదు. ‘క’ పేరూ క, పలుకూ క. క, మ, ల అని వరసగా అంటే చాలు, కమల వచ్చేస్తుంది. ఇంగ్లిష్‌లో అక్షరం పేరు వేరు, పలుకు వేరు. సి అని పేరు పెట్టుకుని చాలాచోట్ల ‘క్’ అంటుంది. డబ్ల్యు పేరు మొదట్లో ‘డ’ ఉంది, పలుకేమో ‘వ్’. వై అనే పేరులో ‘వ్’ ఉంది, పలుకేమో ‘య్’. పిల్లాడికి మనం 26 పేర్లు నేర్పి, పలుకులు చెప్పకుండా చదవమంటున్నాం. ఆ పలుకులు నేర్పి, వాటిని కలపడం నేర్పడాన్నే ఫోనిక్స్ అంటారు. అంతకుమించి బ్రహ్మవిద్యేం కాదు. 26 అక్షరాలతో ఇంగ్లిష్ వాళ్లు సుమారు 44 ధ్వనులు పలుకుతారు కాబట్టి కొన్ని పలుకులకు రెండేసి అక్షరాలు కలవాల్సి వస్తుంది. ఆ సంగతి తర్వాత.

ఇక్కడి నుంచి అక్షరం పేరు చెప్పాల్సి వస్తే ఎస్, టి అని రాస్తాను. పలుకు చెప్పాల్సి వస్తే పొల్లు పెట్టి స్, ట్ అని రాస్తాను. తెలుగులో మనకి పొల్లు ఉండటం ఎంత అదృష్టమో ఈ పని మొదలుపెట్టాకే తెలిసింది నాకు. ‘క్ కి తలకట్టు ఇస్తే క, గుడిస్తే కి, కొమ్మిస్తే కు’ అని గుణింతం నేర్చుకున్నవాళ్లకి ఫోనిక్స్‌లో సగం ముందే తెలుసు. మీకు ఫోనిక్స్ రాదని ఎవరన్నారు?

మనవాళ్ల అసలు చిక్కు ఉచ్చారణ కాదు, తోక. తెలుగు మాట దాదాపు ఎప్పుడూ అచ్చుతో ముగుస్తుంది. అందుకని బయటి నుంచి వచ్చిన ప్రతి మాటకీ చివర ఒక ‘ఉ’ తగిలిస్తాం. బస్ వచ్చి బస్సు అయింది, పెన్ వచ్చి పెన్ను అయింది. మాట్లాడేటప్పుడు అది తప్పు కాదు, మన భాష తీరే అది. కానీ పలుకులు నేర్పేటప్పుడు కూడా అదే తోక తగిలిస్తే పిల్లాడు మునుగుతాడు. మొదటిసారి నేను ఫోనిక్స్ శిక్షణకి వెళ్లినప్పుడు అక్కడ చెప్పినాయన ‘బ, క, ట’ అని నిండుగా, గుండెల నిండా గాలి పీల్చి మరీ పలికాడు. నేను వచ్చి మా పిల్లలకి ‘క, యా, ట’ అని నేర్పాను. కలపండర్రా అంటే ఒకడు ‘కయాట’ అన్నాడు, ఇంకొకడు ‘క్యాట’ అన్నాడు. వాళ్లు సరిగ్గానే కలిపారు. నేనిచ్చిన ముక్కలే తప్పు.

తోక వస్తోందో లేదో చూసుకోవడానికి ఒక సులువుంది. గొంతు మీద చెయ్యి పెట్టుకోండి. స్, ప్, ట్, క్, ఫ్, చ్, ష్ అనేటప్పుడు గొంతు వణకకూడదు. గుసగుసగా చెప్పినట్టు రావాలి. వణికిందంటే వెనకాల అ గానీ ఉ గానీ చేరిందన్నమాట. మ్, న్, ల్, ర్, వ్ వంటివి వణుకుతాయి, కానీ పెదాలూ నాలుకా ఉన్నచోటే ఉంచి సాగదీయొచ్చు, మ్మ్మ్ అని. బ్, డ్, గ్ మాత్రం తోక లేకుండా పలకడం ఎవరికైనా కష్టమే. వీలైనంత పొట్టిగా అని వదిలేయండి. ముందు మీరొక్కరే వంటింట్లో ఓ రెండు రోజులు సాధన చేసి, తర్వాత బాబు దగ్గర కూర్చోండి. అద్దం ముందు నించుని నేను ప్, ట్, క్ అంటుంటే మా ఆయన నీకేమయిందని అడిగారు.

ఇప్పుడు అసలు పని. మొదటి వారం పుస్తకం, పలక ఏవీ ముట్టుకోవద్దు. నోటితో ఆట. దీనికి నేను పెట్టుకున్న పేరు ‘తోక కోత’. మీరు ‘బస్సు’ అంటారు, బాబు తోక కోసి ‘బస్’ అనాలి. పెన్ను, పెన్. కప్పు, కప్. బ్యాగు, బ్యాగ్. జగ్గు, మగ్గు, టబ్బు, రగ్గు, బన్ను, గమ్ము, పిన్ను, టిన్ను, క్యాపు, ట్యాపు, మ్యాపు, మ్యాటు, బ్యాటు, ఫ్యాను, వ్యాను, ప్యాను, బెడ్డు, నెట్టు. చూశారా, ఇరవై పైనే అయ్యాయి, ఒక్కటి కూడా మీవాడికి తెలియని వస్తువు కాదు. పైగా ఇవన్నీ ఇంగ్లిష్‌లో మూడక్షరాల మాటలే, ఎలా పలుకుతామో అలాగే రాసేవే. ఫోనిక్స్ పుస్తకాల్లో వచ్చే ‘వ్యాట్’, ‘కాగ్’, ‘హబ్’ లాంటివి మన పిల్లలు చదివినా అర్థం తెలియదు. అర్థం తెలియని మాట సరిగ్గా చదివానో లేదో పిల్లాడికి ఎలా తెలుస్తుంది? ‘మ్, అ, గ్... మగ్! స్నానాల గదిలో మగ్గు!’ అని వాడి మొహం వెలిగే ఆ క్షణం కోసమే మనం ఇదంతా చేసేది. నాకు తెలిసిన ఫోనిక్స్ క్లాసులు ఈ ఇంటి మాటల్ని ఎందుకు వదిలేస్తాయో నాకెప్పుడూ అర్థం కాలేదు.

తోక కోత బాగా వచ్చాక రెండో ఆట. మీరు విడగొట్టి చెప్పాలి, వాడు కలిపి తేవాలి. ‘నాన్నా, ఆ బ్... అ... స్ బొమ్మ పట్రా’ అంటే వాడు బస్సు బొమ్మ తేవాలి. తర్వాత తిరగేయండి. మీరు ‘పెన్’ అంటే వాడు ప్, ఎ, న్ అని విడగొట్టాలి. విడగొట్టడానికి చింతగింజలు వాడండి. నేల మీద సుద్దతో మూడు గళ్లు గీసి, ఒక్కో పలుకుకి ఒక్కో గింజ గడిలోకి జరపమనండి. ఈ గళ్ల పద్ధతి ఎల్కోనిన్ అనే సోవియట్ మనస్తత్వ శాస్త్రవేత్త పేరు మీద చలామణిలో ఉంది. ఆయన గింజలు వాడాడో బిళ్లలు వాడాడో గానీ మా బడి చెట్టు కింద చింతగింజలకి కరువు లేదు. తెలుగు పిల్లలకి ఈ విడగొట్టడం కాస్త ఆలస్యంగా వస్తుంది. ఎందుకంటే మన చెవి అక్షరం దగ్గర ఆగుతుంది, పలుకు దాకా దిగదు. ‘పెన్ను’ విడగొట్టమంటే మన పిల్లలు ‘పె’, ‘న్ను’ అంటారు. అది మొద్దుతనం కాదు, తెలుగు చెవి. వారం పట్టినా పది రోజులు పట్టినా ఇక్కడ ఓపిక పట్టండి. ఈ మెట్టు దాటకుండా పుస్తకం తెరిస్తే మళ్లీ ‘సి ఏ టి’ దగ్గరికే వస్తారు.

ఆ తర్వాతే అక్షరాలు. ఏ, బి, సి వరసలో చెప్పకండి. ఇంగ్లండ్‌లో చాలా బళ్లలో మొదలుపెట్టే ఆరు అక్షరాలు ఎస్, ఏ, టి, పి, ఐ, ఎన్. ఈ ఆరింటితోనే మన ఇంటి మాటల్లో నాలుగు చదివేయొచ్చు: ట్యాప్, పిన్, ప్యాన్, టిన్. సిట్, టిప్, న్యాప్ లాంటివి ఇంకో డజను వస్తాయి. తర్వాత ఎమ్, డి, జి, ఓ, సి, కె. మ్యాట్, మ్యాప్, క్యాప్, క్యాన్ వచ్చేస్తాయి, నీళ్ల క్యాను ఇంటి ముందే ఉంటుంది కదా. ఆ తర్వాత ఈ, యు, ఆర్, హెచ్, బి, ఎఫ్, ఎల్. ఇక బస్, ఫ్యాన్, రగ్, బెడ్ అన్నీ వాడివే. వారానికి నాలుగైదు పలుకులు చాలు. చిన్న ఏబీసీడీలతోనే నేర్పండి. చదివే పుస్తకంలో తొంభై పాళ్లు ఉండేవి అవే, పెద్దవి తర్వాత చూసుకోవచ్చు.

కార్డులు కొనక్కర్లేదు. పాత శుభలేఖలు దాచి ఉంచే ఉంటారు, వాటి వెనకవైపు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కత్తిరించి ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం స్కెచ్‌తో రాయండి. దిద్దించాలంటే అక్షరాభ్యాసం నాడు చేసినట్టే పళ్లెంలో బియ్యం పోసి వేలితో రాయించండి. రాస్తూ పలుకు అనాలి, పేరు కాదు. అక్షరం పేర్లు ఎటూ వచ్చు కాబట్టి అవి మర్చిపోతాడన్న భయం వద్దు.

కలపడం దగ్గరే చాలామంది తల్లులు కంగారు పడతారు. పిల్లాడు ‘స్... ఇ... ట్’ అని విడివిడిగా అని ఆగిపోతాడు, కలవదు. దానికి కారణం మధ్యలో ఊపిరి ఆపడం. సాగే పలుకులతో మొదలయ్యే మాటలు ముందివ్వండి: స్, మ్, న్, ఫ్, ల్, ర్. ‘స్స్స్ఇఇఇట్’ అని జారుడుబల్ల మీద జారినట్టు ఆగకుండా వెళ్లాలి. వేలు కూడా అక్షరాల కింద ఆగకుండా జారాలి. మ్యాట్, మ్యాప్, ఫ్యాన్, నెట్, రగ్ ఇలా జారతాయి. బ్, ప్, ట్, క్ తో మొదలయ్యేవి సాగవు, వాటిని తర్వాత పెట్టుకోండి. అప్పుడు కూడా మొదటి రెండూ కలిపేసి చెప్పించండి: బ, స్... బస్. ప్యా, న్... ప్యాన్. ఇక్కడ మన గుణింతం చెవి బాగా పనికొస్తుంది.

అచ్చుల గురించి కాస్త వివరంగా చెప్పాలి, మన పిల్లలు తడబడేది అక్కడే. పెన్‌లో ఎ, పిన్‌లో ఇ మనవే. అయితే ఎ తో మొదలయ్యే మాటలకి మనం ముందొక య్ చేరుస్తాం. ఎగ్గుని ‘యెగ్గు’ అంటాం, ఎల్, ఎమ్, ఎన్‌లని ‘యల్, యమ్, యన్’ అంటాం. అది గమనించుకుంటే చాలు. క్యాట్‌లో ఉన్న ఆ అచ్చు తెలుగు అక్షరాల్లో లేదు కానీ తెలుగు నోట్లో ఉంది. కోస్తావాళ్లు ‘వచ్చాడు’, ‘చెప్పాడు’ అనేటప్పుడు చ, ప ల తర్వాత వచ్చే పలుకు వినండి, అదే. కాస్త పొట్టి చేస్తే క్యాట్ అయిపోతుంది. రాసేటప్పుడు ‘క్యా’ అని రాస్తాం కాబట్టి కొందరు మధ్యలో య్ కూడా గట్టిగా పలికిస్తారు. అది వద్దు.

అన్నిటికంటే పెద్ద చిక్కుముడి అ. మన తెలుగు ‘అ’ ఇంగ్లిష్‌లో కప్, బస్, మగ్ మాటల్లో యు అక్షరంతో వస్తుంది. ‘ఏ’ అనే అక్షరంతో కాదు. పిల్లాడేమో తన పేరులో, ఇంట్లోవాళ్ల పేర్లలో రోజూ చూసేది వేరు. రవి, కమల, లత... అన్నిట్లోనూ అ కి ‘ఏ’ అనే అక్షరమే రాస్తాం. అందుకే ‘బస్’ రాయమంటే నూటికి ఎనభై మంది బి, ఏ, ఎస్ అని రాసేవాళ్లు నా తరగతిలో. మొదట్లో కొట్టివేత గీత గీసేదాన్ని. ఒక పాప లేచి ‘టీచర్, నా పేరులో ఏ అంటే అ కదా’ అంది. దాని మాట నిజమే. అప్పటి నుంచి ముందే చెప్పేదాన్ని: మన పేర్లు తెలుగు మాటలు, ఇంగ్లిష్ అక్షరాలు అరువు తెచ్చుకుని రాసుకుంటున్నాం, ఆ లెక్క వేరు, బస్సు లెక్క వేరు. లత, గీత పేర్లలో త కోసం మనవాళ్లు టి, హెచ్ రాయడం కూడా అంతే. ఇంగ్లిష్ పుస్తకంలో టి, హెచ్ కలిసి వస్తే నాలుక పళ్ల మధ్యకి వచ్చి గాలి ఊదాలి. మీ బాబు పేరులో ఇలాంటిదేమైనా ఉంటే ముందుగానే చెప్పేయండి, లేకపోతే ఎప్పుడో ఒకప్పుడు అడుగుతాడు.

మీ ఉచ్చారణ భయానికి ఇక్కడే జవాబు. వి, డబ్ల్యు రెండూ మీ నోట్లో వ్ గానే వస్తాయి. నా నోట్లోనూ అంతే. జెడ్ పలుకు సరిగ్గా రాకపోవచ్చు, జడ, జొన్న అన్నప్పటి దంత్య జ దానికి దగ్గర్లో ఉంటుంది. ఇవేవీ చదువుకి అడ్డం కాదు. ఇంగ్లిష్ వాళ్లలోనే ఒక ఊరివాళ్లు పలికినట్టు ఇంకో ఊరివాళ్లు పలకరు, అయినా వాళ్ల పిల్లలందరూ చదవడం నేర్చుకుంటున్నారు. అడ్డం వచ్చేది తోకే. దాన్ని కోయగలిగితే మిగతాది మీ యాసలోనే నేర్పండి.

మూడక్షరాల మాటలు తడుముకోకుండా చదువుతున్నాడంటే జంట అక్షరాలకి వెళ్లొచ్చు. ఎస్, హెచ్ కలిస్తే ష్. సి, హెచ్ కలిస్తే చ్. ఇక్కడ కూడా ఇంట్లో మాటలే: షాపు, బ్రష్షు, చిప్స్. సి, కె కలిసి ఒకటే క్ అనేది సాక్సులో, లాకులో దొరుకుతుంది. రెండు ఓలు స్పూనులో ఉన్నాయి. రెండు ఈలు గ్రీన్‌లో ఉన్నాయి. ఏ, ఐ జంట రైలులో, పెయింటులో ఉంది. ఓ, ఏ జంట సోపులో, కోటులో ఉంది. తర్వాత మాట చివర నోరు మెదపని ‘ఈ’ అక్షరం. కేకు, గేటు, ప్లేటు, పైపు, బైకు, లైను, ట్యూబు అన్నిట్లోనూ చివర్లో ఈ రాస్తాం, పలకం. కానీ అది అక్కడ కూర్చుని ముందున్న అచ్చు చేత దాని పేరు చెప్పిస్తుంది. పిన్ చివర ఈ పెడితే పైన్, క్యాప్ చివర ఈ పెడితే కేప్. పిల్లలకి ఇది గారడీలా ఉంటుంది, కార్డు పెట్టీ తీసీ చూపిస్తే కేకలు వేస్తారు. ఈ దశ అంతా కలిపి ఏడాది పైన పడుతుంది. ఒకటో తరగతి సగానికి వస్తే చాలు, తొందరేం లేదు.

‘బి యు టి బట్ అయితే పి యు టి పట్ ఎందుకు కాదు’ అన్న పాత జోక్ మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు వేస్తారు. వేస్తే నవ్వి ఊరుకోండి. ది, వాజ్, సెడ్, యూ, వన్ లాంటి మొండి మాటలు కొన్ని ఉన్నాయి, అవి లెక్కకి లొంగవు. వాటిని వారానికి రెండు మూడు చొప్పున చూపు మీదే గుర్తుపెట్టించండి. మొండివి ఉన్నాయని మొత్తం పద్ధతే పనికిరాదనుకోవడం, ఒత్తులు కష్టమని గుణింతం మానేయడం లాంటిది.

వాడు నిజంగా చదువుతున్నాడా, గుర్తుపట్టి చెప్తున్నాడా అన్నది ఎలా తెలుస్తుంది? ఉత్తుత్తి మాటలు రాసి చూపించండి. మిప్, టెబ్, సగ్, నామ్... అర్థం లేనివి. ఇవి ఎవరూ బట్టీ పట్టలేరు. చదివితే వచ్చినట్టే. ఇంగ్లండ్‌లో పిల్లలకి చదవడం నేర్పే పద్ధతుల మీద 2006లో జిమ్ రోజ్ అనే విద్యా నిపుణుడి నివేదిక వచ్చాక బళ్లలో ఫోనిక్స్‌కి పెద్దపీట వేశారు. 2012 నుంచి అయిదారేళ్ల పిల్లలకి దేశమంతా ఒక చిన్న పరీక్ష పెడుతున్నారు. అందులో 40 మాటలుంటే 20 ఇలాంటి ఉత్తుత్తివే. వాటి పక్కన గ్రహాంతరవాసి బొమ్మ వేస్తారు, ఇది నిజం మాట కాదర్రా అని పిల్లలకి తెలియడానికి. మీరు మామూలు దయ్యం బొమ్మ వేసినా చాలు. నేను ‘దయ్యాల పేర్లు చదువుదాం’ అనేదాన్ని, పోటీ పడి చదివేవాళ్లు.

బొమ్మ చూసి ఊహించడం మాత్రం అలవాటు కానివ్వకండి. పడవ బొమ్మ కింద ‘షిప్’ అని ఉంటే ‘బోట్’ అని చదివి పేజీ తిప్పేస్తారు. ముందు మాట చదివించి, తర్వాత బొమ్మ మీద చెయ్యి తీయండి. ఇంకొకటి, నోట్‌బుక్కులో ఇంగ్లిష్ మాట పక్కన తెలుగులో ఉచ్చారణ రాసివ్వకండి. పెద్దవాళ్లకి అది పనికొస్తుందేమో గానీ పిల్లాడు తెలుగు వైపే చూస్తాడు.

రోజుకి పది నిమిషాలు, మహా అయితే పదిహేను. బడి నుంచి వచ్చి ఏదైనా తిని, కాసేపు ఆడాక కూర్చోబెట్టండి. ఆవలింత వస్తే ఆపేయండి. తప్పు చదివితే ‘కాదు’ అనకుండా ఆ అక్షరం మీద వేలు పెట్టి ‘ఇది ఏమంటుంది’ అని అడగండి. చుట్టాలు వచ్చినప్పుడు ‘ఏదీ, అత్తకి చదివి చూపించు’ అని నిలబెట్టడం మాత్రం వద్దే వద్దు. నేర్చుకున్నది కూడా ఎగిరిపోతుంది.

ఈ పది నిమిషాలు కాక, రాత్రి పడుకోబోయే ముందు మీరు చదివి వినిపించడం వేరే సంగతి. అది పాఠం కాదు. తెలుగు కథలు చదవండి, హాయిగా. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగులో, ఇంగ్లిష్‌లో బొమ్మల పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి, మెట్ల వారీగా విడదీసి ఉంటాయి. మొదటి మెట్టు పుస్తకమైనా ఫోనిక్స్ లెక్కలో రాసింది కాదు కాబట్టి వాడే చదవాలని పట్టుబట్టకండి. తెలుగు అక్షరాలు ఇప్పుడే నేర్పొచ్చా అని ఎవరైనా అడిగితే, తప్పకుండా నేర్పండి అంటాను. రెండూ కలిసి పోతే ఇబ్బంది కదా అని భయపడతారు. ఒకే పది నిమిషాల్లో రెండూ పెట్టకపోతే ఏ ఇబ్బందీ రాదు. అమెరికాలో ఉన్న మా అన్నయ్య మనవరాలికి అక్కడ బళ్లో ఫోనిక్స్ ముందు వచ్చి, తెలుగు తర్వాత వచ్చింది. ‘క’ ని క్, అ అని విడగొట్టుకుని గుణింతం మూడు రోజుల్లో పట్టేసింది. ఇటు నుంచి అటైనా, అటు నుంచి ఇటైనా దారి ఒకటే.

బి, డి తిరగేయడం ఈ వయసులో మామూలే. ఏడేళ్ల దాకా చాలామందికి ఉంటుంది. కుర్చీని ఎటు తిప్పినా కుర్చీయే, అక్షరాన్ని తిప్పితే మాత్రం పేరు మారిపోతుందంటే వాడికి వింతగా ఉండదూ? ఒకేరోజు రెండూ నేర్పకండి. పైన చెప్పిన వరసలో ముందు వచ్చే డి బాగా కుదిరాకే బి తీయండి. ఒకటో తరగతి అయిపోయి రెండులోకి వచ్చి, ఆరేడు నెలలు రోజూ చెప్పినా పలుకులు నిలవకపోతే, మాటల్లో ప్రాస పట్టలేకపోతే, తెలుగులో కూడా అదే కష్టం ఉంటే అప్పుడు ఆలోచించాలి. ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. చీమిడి ముక్కుతో చెవి మూసుకుపోయి పలుకులు తేడా వినపడని పిల్లల్ని నేను చూశాను. అవి బాగుంటే పిల్లల మానసిక నిపుణుల దగ్గరికి వెళ్లండి. చదువులో ఉండే ప్రత్యేక ఇబ్బందుల్ని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది, దానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు. మీవాడికి ఐదేళ్లే, ఇప్పుడు ఆ దిగులు అక్కర్లేదు.

ఇక క్లాసు సంగతి. చెడ్డవని అనను, మంచి టీచర్లూ ఉన్నారు. కానీ వారానికి రెండు రోజులు ఇరవై మందిలో కూర్చునే దానికంటే మీ వంటింట్లో రోజూ పది నిమిషాలే ఎక్కువ పనిచేస్తాయి. ఒక మూడు నెలలు మీరే ప్రయత్నించండి. అప్పటికీ చేర్పించాలనిపిస్తే డబ్బు కట్టేముందు డెమో క్లాసులో కూర్చుని ఆ టీచర్‌ని ప్, ట్, క్ పలకమనండి. తోక సంగతి చెప్పాను కదా, అది వస్తోందో లేదో వినండి. ‘పా, టా, కా’ అని సాగదీస్తే మర్యాదగా నమస్కారం పెట్టి ఇంటికొచ్చేయండి.